ఏరు విడిచిన నేల, ఊరు నిలిచిన మెరక

పంతొమ్మిది వందల తొంభై సంవత్సరం జూలై రెండవ తేదీన సర్వే కార్యాలయంలో భూగోళ సహాయాధికారిణిగా చేరిన నాడు మా మేడమ్‌గారికి దక్కినవి ఒక కుంటి బల్ల, ఒక లోయ పటం. ఆ పటంలో ఏరు ఉంది, కొండలున్నాయి. మనుషులు ఎప్పుడు వచ్చి ఎక్కడ స్థిరపడ్డారో మాత్రం లేదు. ఆ లోటు పూరించడమే తమ వృత్తిధర్మమని వారు ఆనాడే నిశ్చయించుకున్నారు.

తొలి పదేళ్లూ లోయంతా కాలినడకన తిరిగి, ఏరు దారి మార్చినప్పుడల్లా ఊళ్లు ఎటు జరిగాయో నిర్ధారించారు. "మా ఆవిడ ఇంటికి చుట్టపుచూపుగా వస్తుంది, కాపురం ఏట్లోనే," అని బడిపంతులైన వారి భర్తగారు నవ్వేవారు. పిల్లలకు జడలు వేసి బడికి పంపిన చేతులు మాత్రం ఆయనవే.

మేడమ్‌గారు ఉపసంచాలకులుగా ఉండగా వరదకు ఒక ఊరు కొట్టుకుపోయింది. కొత్త ఇళ్లకు అందరూ ఏటిపక్క చదును నేలను మెచ్చారు. అది ఏరు విడిచిన పాత దారి అని వారు అడ్డుపడి, పైనున్న రాళ్ల మెరకను చూపించారు. అక్కడ చుక్క నీరు లేదని ఊరు భగ్గుమంది. బట్టలు కుట్టే ఆవిడైతే, నీళ్లు పడితే మొదటి బిందె మేడమ్ నెత్తినే పోస్తానని పదిమందిలో పందెం కాసింది.

పెద్ద ఇంజినీరుగారూ పెదవి విరిచారు.

"మెరకమీద పాత ఇళ్ల పునాదులున్నాయండీ. తరాల తరబడి బతికినవాళ్లు నీళ్లు లేకుండా బతకలేదు కదా," అన్నారు మేడమ్‌గారు.

"పడకపోతే?"

"ఆ తప్పు నా పేరునే రాయండి."

తవ్వించి చూస్తే పునాదుల నడుమ పూడిపోయిన రాతికట్టు బావి బయటపడింది. మూడు నిలువుల లోతున మట్టి తడి తగిలింది. మర్నాటికి మోకాలిలోతు నీరు ఊరింది. కుట్టుపని ఆవిడ మాట తప్పలేదు. పటం చుట్ట చంకలో ఉండగానే మేడమ్‌గారు నిలువునా తడిసి ముద్దయ్యారు. బిందె దించుతూ, "ఇక నా ఇల్లు ఎక్కడ కట్టుకోవాలో మీరే చూపించండమ్మా," అంది ఆవిడ.

తరువాతి పెద్ద వరద ఆ చదును నేలమీదుగానే పారింది. మెరకమీది ఊరిలో ఒక్క గడపా తడవలేదు. అనంతరం సంచాలక పదవిని అలంకరించిన మేడమ్‌గారు, నేల చరిత్ర విచారించనిదే లోయలో ఏ ఊరికీ స్థలం ఖరారు కారాదన్న నియమాన్ని సాధించారు.

మేడమ్‌గారి పదవీ విరమణ సందర్భంగా జరిగే నేటి సభకు రెండు బస్సుల్లో వస్తున్నామని ఆ ఊరివారు కబురంపారు. కుర్చీలు చాలకపోతే కార్యాలయంవారమే నిలబడాలని తీర్మానించుకున్నాము. మేడమ్‌గారి మోకాళ్లకు బలమూ, కళ్లకు చూపూ, మనసుకు నెమ్మదీ చిరకాలం తోడుండాలనీ, వారు సకుటుంబంగా ఆయురారోగ్యాలతో వర్ధిల్లుతూ, తాము నిలబెట్టిన ఊళ్లలో మునిమనవల తరాన్ని కూడా కళ్లారా చూడాలనీ మనసారా ఆకాంక్షిస్తున్నాము.