అవ్వ గుర్తువట్టని గొంతు

"అమ్మమ్మా, నీ పాత సీరియలు ఫోన్ల సూసిన. ముఖం నీదే గని, గొంతు నీది గాదు గదా?"

గాదు బిడ్డా. మంచిగనే పట్టినవ్. శానమంది అడుగరు గది. ఫోను గా స్టూలు మీద పెట్టు, చెయ్యి గుంజుతది. రికార్డు అయితాందా? సరే.

మాది గీ కాశిబుగ్గనే. మా నాయిన జంపఖానలు నేసేది, అవ్వ కండెలు సుట్టేది. గప్పుడు మగ్గం సప్పుడు లేని ఇల్లే లేకుండె గీ గల్లీల. ఇప్పుడేమున్నది, అన్ని కిరాణ షాపులాయె... ఏం చెప్తాన? ఆఁ. వరంగల్ ఖిల్లాల సినిమా షూటింగ్ అయితాందంటే సూడవోయిన. నా మొగడు నన్ను ఇడిసిపెట్టి అప్పటికి శాన రోజులాయె. గుంపుల నిలవడ్డ నన్ను సూసి సినిమోళ్ల మేనేజరు, "ఈవిడ ముఖం బాగుంది, హైదరాబాదు రమ్మనండి" అన్నడు. పోయిన. బస్సు టికెట్టు గప్పుడు ఏముండె, చిల్లర పైసలే.

రెండు మూడు సినిమాలల్ల ఎన్క నిలవడ్డ. తర్వాత టీవీల అత్త వేషాలు. పట్టుచీర, పెద్ద బొట్టు, ఊకె కోడలి మీద కండ్లెర్రజేసుడు. మొదటి రోజు డైలాగు మన తీరుగ చెప్పిన. అందరు నవ్విండ్లు. డైరెక్టరు చెడ్డోడేం గాదు, పక్కకు పిలిచి, "మీరు పెదాలు కదపండమ్మా చాలు, గొంతు వేరేవాళ్లతో చెప్పిస్తాం. పనిమనిషి వేషమైతే మీ యాస పనికొచ్చేది" అన్నడు. ఇగ నా ముఖానికి ఇంకో ఆమె గొంతు. ఆమెను ఒక్కసారే చూశాను... ఇగో, సూసిన. గిట్లనే వస్తది నోట్లె నడుమ నడుమ. మంచిది పాపం. "నా గొంతు మీకు సరిపోయింది కదండీ" అన్నది. ఏమంట? సరిపోయిందన్న.

గని మా అవ్వ ఉన్నది గదా. సుగరొచ్చి కండ్లు పోయినయ్ ఆమెకు. నేను ఆదివారాలొచ్చి పోతాంటి, మిగిలిన రోజులు మా వదినె, మీ నానమ్మ యాదమ్మ సూసుకునేది. సీరియలు టైముకు టీవీ ముంగట కూసోవెట్టేదట. "ఏదే నా బిడ్డ? ఎప్పుడొస్తది?" అని అడిగేదట అవ్వ. "గిప్పుడు మాట్లాడేది నీ బిడ్డ బారతే గదా అత్తా" అంటే, "గామె ఎవలో. నా బిడ్డ గాదు" అనేదట. ఊరంత నన్ను సూత్తాంది, మా అవ్వకు మాత్రం నేను లేనే లేను.

అందుకే నేర్చుకున్న బిడ్డా. నాటకాలేసే ఒక ముసలాయన ఉండె పట్నంల, ఆయన దగ్గరికి పోయేది. అద్దం ముంగట నిలవడి "వచ్చారా, కూర్చోండి" అనుకుంట. కూరగాయలోని తోని గట్లనే, ఆటోల గట్లనే. ఏండ్లు పట్టింది. ఆఖరుకు ఒక సీరియల్ల, "సరే, మీరే చెప్పుకోండి" అన్నరు. చెవులకు గవి పెట్టుకోని, తెర మీద నా పెదాలకు నా గొంతు నేనే ఇచ్చిన. బయటికొచ్చి ఏడ్సిన.

అది వచ్చే రోజు ఉరుక్కుంట ఇంటికొచ్చిన. అవ్వ పక్కపొంటి కూసోని చెయ్యి పట్టుకున్న. "అవ్వా, గియ్యాల నా గొంతే" అన్న. "ఏమ్మా, ఈ ఇంటి పరువు గుర్తుందా నీకు?" అని వచ్చింది టీవీల. అవ్వ అంత ఇన్నది. ఇని, "మంచిగ మాట్లాడ్తాంది. ఎవలామె?" అన్నది.

నేనే అవ్వా అన్న. "నువ్వు టీవీల వచ్చేటప్పుడు లేపు, గప్పటిదాంక నిద్రవోత" అన్నది. గప్పుడు గదే డైలాగు ఆమె పక్కనే, గదే తీరుగ చెప్పిన. నా పెదాల మీద వేళ్లు పెట్టింది. జరసేపు తడిమి, "సరే బిడ్డా, నువ్వే" అన్నది. నా మనసు కోసం అన్నది. గది నాకెర్కైంది.

తర్వాత ఎక్కువ రోజులు లేదు. దవాఖానకు తీస్కపోయేలోపే పోయింది. అన్నీ అయినంక మీ నానమ్మ చెప్పింది, దాయకుంట చెప్పింది, మంచిదే. "గప్పటిసంది నీ సీరియలు టైముకు టీవీ బందువెట్టమనేదే. ఎవలో పరాయామె ఇంట్ల కూసున్నట్టున్నది అనేది" అని.

ఇగ నాకు గా మాట రాలె. మైకు ముంగట నిలవడితే మొదటి మాటకాడ్నే ఆగిపోయేది. కొన్ని రోజులు సూసిండ్లు, మల్ల వేరే ఆమెతోని చెప్పించిండ్లు. తర్వాత కథల అత్తనే సంపేసిండ్లు. ఫోటోకు దండేసిండ్లు, గంతే. గా ఫోటో కొన్ని రోజులు గోడకుండె. ఆ తర్వాత ఎవ్వలు పిలువలె.

ఇప్పుడేమో మన మాటకు గిరాకొచ్చింది గదా. మొన్న హన్మకొండల పిలగాండ్లు సినిమా తీస్తాండ్రు, వరంగల్ ముసలామె కావాలంటే పోయిన. మాట్లాడిపిచ్చిండ్లు. ఇంటాన్నప్పుడే డైరెక్టరు పిలగాని ముఖం సూస్తే తెల్సింది. "అమ్మమ్మా, నీ మాటల అటు దిక్కు సీరియళ్ల మాట కలిసింది. మాకు అచ్చమైంది కావాలె" అన్నడు. మర్యాదగనే అన్నడు, చాయ్ తాపిచ్చిండు. నేను పుట్టింది ఈడ్నే అని చెప్దామనుకున్న. ఏ తీరుగ చెప్పాలె?

ఒక్కదాన్నే ఉన్నప్పుడు మాట్లాడి సూసుకుంట, గిదేనా నాది అని. తెల్వదు బిడ్డా. అవునే కాదే అని చెప్పేదానికి మా అవ్వ లేదాయె, మీ నానమ్మ పాయె. నాకైతే రెండు ఒక్కతీరుగనే ఇనవడ్తానయ్, రెండు ఎవలియో...

లే ఇగ, మీ అమ్మ పిలుస్తాంది. సల్లగుండు తల్లీ. నువ్వు తలుపవతల నుండి ఒక్క మాటంటే సాలు, నువ్వే అని లేచొచ్చి తలుపు తీసేటోళ్లు నీకెప్పుడు ఉండాలె... ఉంటరు, నీకు ఉంటరు తియ్యి...