సాయం మూటలో పెళ్లి గౌను

సమర్ దీవిలో తుఫాను వెలిసిన నాలుగో రోజు. చర్చిలో సాయంగా వచ్చిన బట్టలు పంచుతున్న లిగాయాకి, ఒక పెద్దావిడకిచ్చిన మూటలోంచి తెల్లటి పెళ్లి గౌను బయటపడగానే సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

"ఏమనుకోకు పిన్నీ, ఎవరు పంపారో! ఇలా ఇయ్యి, వేరేది ఇస్తాను."

"చెయ్యి తియ్యమ్మాయ్! ఇది నాది."

"ఇది వేసుకుని ఈ బురదలో ఎక్కడికెళ్తావు?"

"పెళ్లికి. ఆదివారం పూజకి ఫాదర్ వస్తున్నాడుగా."

"ఎవరి పెళ్లి?"

"నాదే. ముప్పై ఏళ్లుగా కలిసే ఉంటున్నాం, నలుగురు పిల్లలు. గౌను కొన్నాక చేసుకుందామనుకుంటే, ఏటా పిల్లల చదువులే ముందుకొచ్చేవి."

లిగాయా గౌనుని ఆవిడ భుజాలకి ఆనించి చూసింది.

"నడుం దగ్గర కాస్త వదులు చెయ్యాలి, నేను కుట్టిపెడతా. మరి బాబాయి ఏమంటాడో?"

"ఇంకా అడగలేదు. ఇంటికప్పు మీద రేకులు బిగిస్తున్నాడు."

"ఒప్పుకోకపోతే?"

"ఒప్పుకునేదాకా నిచ్చెన వెయ్యను."