మంచులో ముప్పై మంది

పాలమూరు దిక్కు ఒక చిన్న రైలు హాల్టు. కిటికీ లోపల టికెట్లు అమ్మే కాటమయ్య, బయట గొర్రెలు కాసే ఐలేశం.

"...జర మెల్లగ చదువు తమ్మీ. హాల్టు ఉంటదా, తీసేస్తరా?"

"ఉంటదనే రాసిండ్రు."

"ఉంటదా! ఇగ నేను పోత. గొర్లను ఇడిసొచ్చిన."

"ఆగు ఐలేశమన్నా. కాయిదం ఇంక సగం గూడ కాలే."

"హాల్టు ఉంటదన్నవు గద. నాకు గంతే కావాలె."

"ఇను. మొన్న బుధారం పొద్దుగాల ఆరు గంటల బండికి, హాల్టు ఉంచాల్నా తీసెయ్యాల్నా అని ఆఫీసరొచ్చి మందిని లెక్కవెట్టుకపోయిండు గద. ఎక్కినోళ్లు ముగ్గురు."

"ముగ్గురే. మా బిడ్డ గోపమ్మ, పాలమ్మేటోళ్లు ఇద్దరు."

"ఎక్కకుంట నిలబడ్డోళ్లు ముప్పై మంది."

"ఊ."

"ముప్పై మంది అన్నా."

"ఉంటరు. ఊరన్నంక మంది ఉండరా?"

"కంచె పొంటి, మంచుల, వరుసగ. బండొచ్చినా కదల్లేదట. కూతవెట్టినా కదల్లేదట."

"చలి గద తమ్మీ. చలికి ఎవడు కదుల్తడు?"

"గార్డు పిలిచినా పలకలేదట."

"మనోళ్లకు సిగ్గెక్కువ."

"అన్నా, కంచెకు ఉన్నయి మనిషెత్తు రాతి కడీలు."

"కడీలు గాక ఏముంటయి?"

"ఆ కడీలకు గొంగళ్లు కప్పినవా, లేదా?"

"...మంచు మస్తుగ ఉండె. గుర్తువట్టడనుకున్న."

"గుర్తువట్టలే. గందుకే వచ్చింది తిప్పలు. ఏం రాసిండో సూడు. ఇంతమంది నిలబడి గూడ ఎక్కలేదంటే, ఆ టైము వాళ్లకు కుదురుతలేదట. వచ్చే నెల నుంచి ఆరు గంటల బండి ఈడ ఆగదు. పదకొండు గంటల బండి ఆగుతది."

"పదకొండా?"

"పదకొండు."

"గోపమ్మ ఎనిమిదింటికి దవాఖానల ఉండాలె గద! నర్సు ట్రైనింగు. పదకొండింటికి ఎక్కి ఏం జేస్తది?"

"నేననేది గూడ గదే."

"ఇంక నాలుగు నెలలైతె పాసైతది తమ్మీ. ఆ బండి పోతె సదువు బందే."

"ఒక తొవ్వ ఉన్నది. సోమారం ఆఫీసరు మల్లొస్తడట. ఆ నిలబడ్డోళ్లనే అడుగుతడట, మీకు ఏ బండి కావాలె అని."

"రాళ్లనా?"

"మనుషులను. ఊర్లెకు పో, మందిని అడుగు. వచ్చి, మాకు ఆరు గంటల బండే కావాలె అనమను."

"నేను అడగ."

"గొంగళ్లకు ఇల్లిల్లు తిరిగినవు గద?"

"కొత్తగ పుట్టిన గొర్రెపిల్లలకు కప్పాలెనని అబద్ధమాడిన. మనుషులను ఏమని అడగాలె?"

"నా బిడ్డ కోసం రాండ్రని."

"ఏ మొకంతోని? రోగాల మొగోళ్లను ముట్టుకునే కొలువు మన ఆడపిల్లలకు వద్దని కుల పంచాయితిల లేచి అన్నది నేనే. గుర్వయ్య బిడ్డను గిదే సదువుకు పోకుంట ఆపిచ్చింది నేనే. మూడేండ్లకు నా బిడ్డ పోతనంటె, నా నోరు లేవలే."

"ఊరందరికి ఎరుకే గద అది."

"ఎరుకే. గుర్వయ్య ఇంటి ముంగట కెళ్లి పోతాంటె తలకాయ ఎత్తబుద్ధి కాదు నాకు."

"గుర్వయ్య గొంగడి ఇయ్యలేదా?"

"ఇచ్చిండు. ఎందుకని గూడ అడగలే. అడిగినా మంచిగుండు."

"మొత్తం ఎన్ని కప్పినవు?"

"ఇరవై."

"సక్కగ యాదున్నదా?"

"గొర్లను లెక్కవెట్టేటోనికి గొంగళ్లు లెక్కకు రావా? ఇరవై. కప్పి, బండి రాకముందే గొర్ల కాడికి ఉరికిన. ఆ ఆఫీసరుకు కండ్లు కానరాక ముప్పై రాసుకున్నడు."

"ఆఫీసరు లెక్క సరిగ్గనే ఉన్నదన్నా. నువ్వు ఉరికినంక గుర్వయ్య వచ్చిండు, ఎంబడి తొమ్మండుగురిని తోల్కొని. గొంగళ్లేమో నీకిచ్చిరి, ఉత్త అంగీలతోని గజగజ వణుక్కుంట రాళ్ల నడుమ నిలబడ్డరు. గార్డు పిలిస్తె, రాళ్లు పలుకుతలేవని వాళ్లు గూడ పలకలే."