ముద్దలో వెండి

సూర్యాపేటలో వెండిబంగారాల పని చేసే అవుసలి వీరాచారి, తండా పిల్ల ద్వాళి తన కాలిపోయిన గుడిసె బూడిదలోంచి ఏరి తెచ్చిన లోహపు ముద్దను మళ్లీ కొలిమిలో కాల్చి చూసి, విసుగ్గా పక్కకు నెట్టాడు.

"నాతోని కాదు బిడ్డా. మీ గుడిసె కాలినప్పుడు వెండి కడియాలు, ఇత్తడి చెంబు కలిసి కరిగినయ్. ఎంత ఊదినా విడిపోతలేవు."

"మా అమ్మ కడియాలు తాతా. ఆమెవి గవే మిగిలినయ్."

"ఎరుకనే. సీసం కలిపి కరిగిస్తే అది ఇత్తడిని గుంజుకుంటది, వెండి మిగుల్తది. బజారంత తిరిగినా సీసం దొరకలే. ఇగ తీస్కపో."

"సీసమంటే ఎట్లుంటది?"

"తుపాకి గుండ్లు చేస్తరు సూడు, గదే."

ద్వాళి కొంగుముడి విప్పింది. నలిగిన గుండ్లు ఐదారు నేలమీద దొర్లాయి.

"తండా మీద పడి మా అమ్మను సంపినోళ్లు కాల్చినయ్. గోడల్లకెల్లి పీకిన. సరిపోతయా?"

వీరాచారి ఒక గుండును చేతిలోకి తీసుకున్నాడు. "గివి సాక్ష్యం బిడ్డా. అధికారులొస్తే సూపియ్యవా?"

"గందుకే దాసిన. పోలీసు యాక్షన్ అయి కొత్త సర్కారొచ్చి ఎన్ని నెలలాయె! ఒక్కడన్న ఒచ్చి మీ అమ్మ ఎట్ల సచ్చిందని అడిగిండా?"

ఆమె నేలమీది గుండ్లను ఏరి అతని ముందు పెట్టింది.

"కరిగించు తాతా," అంది ద్వాళి.