మెడల్స్ నడుమ రిబ్బన్

"అత్తమ్మా, గిన్ని మెడల్స్ నడుమ గా రిబ్బన్ ముక్క ఏంది? సునీత వదినదేనా?"

దానిదే. ఇంకెవ్వరిది, నాదా? తాకకు, ఇప్పటికే రంగు పోయింది. కూసో. మెట్రో దిగి ఎండల నడిచొచ్చినవు, నీళ్లు తాగు. గా ముఖర్జీ నగర్ కోచింగ్ల నీకు తిండి ఏం పెడుతున్నరో గని, మీ నాయన నీ వయసుల గింత సన్నగ ఎన్నడు లేకుండె. నా తమ్ముడు, నాకెరుక లేదా?

చెప్త. గని మీ అమ్మకు చెప్పకు. ఆమె మా ఇంట్ల పెండ్లప్పుడు సునీతను చూసి అందరి ముంగట "పాపం" అన్నది. పదేండ్లయింది. నేను మరువలే.

అప్పటికి మెట్రో లేదు మన మయూర్ విహార్‌కు. మీ మామ దఫ్తర్ల డ్రైవర్ డ్యూటీలనే ఉండె. సునీతకు ఇరవై... ఇరవై కాదు, ఇరవై ఒకటి నడుస్తున్నది. ఎత్తుల నన్ను మించింది, తెలివి మాత్రం ఐదారేండ్ల పిల్లంత. పుట్టుడే గట్ల. దాచేదేముంది. దాని స్పెషల్ స్కూలు టీచర్ ఒకనాడు, "ఆంటీ, ధౌలా కువాన్ దిక్కు ఒక గ్రౌండ్ల ఆదివారం ఆదివారం గిసొంటి పిల్లలకు ఆటలు నేర్పుతరు, మీ సునీతను చేర్పియ్యుండ్రి" అని ఒక ఫారం తెచ్చింది. నాకు సంతకం వస్తది, చదువు రాదు. ఆమె చదివింది, నేను ఇన్న. ఒక కాడ బిడ్డ ఏమేం చేయలేదో రాయాలట. ఖాళీ ఇడువుమన్న. నా బిడ్డ ఏం చేయలేదో నా చేతుల మీదికెళ్లి రాయియ్య. టీచర్ మొఖం మాడ్చుకున్నది, మాడ్చుకోనియ్.

అసలు నేను ఒప్పుకున్నది ఎందుకంటవు? కింది ఫ్లాట్ల గుప్తా ఆంటీ కోసం. మెట్ల మీద నన్ను ఆపి, "సునీతను పార్కుల ఇడువకు బెహన్‌జీ, బచ్చే డర్తే హై" అన్నది. దాన్ని చూసి పిల్లలు భయపడుతరట! ఆమె మనుమడు నా తులసి కుండీ పలగ్గొట్టినప్పుడు ఎవ్వరు భయపడలే. గప్పుడే అనుకున్న, నా బిడ్డ మెడల్ తెస్తది, గీ గోడకు కొడ్త, డాబా మీదికి మెట్లెక్కేటప్పుడు కిటికీలకెళ్లి ఆమెకు కనవడాలె అని.

ఐదు గంటలకు లేపి, బూట్ల లేసులు నేనే కట్టి, రెండు బస్సులు మారి తీస్కపోయేది. గా బూట్లు అప్పట్ల రెండొందల ఎనభై. మీ మామ గులిగిండు. ఇయ్యాల గా పైసలకు చెప్పులు గూడ రావు.

కోచ్ సాబ్ ఫౌజుల చేసి రిటైరయిన మనిషి. ఎక్కువ మాట్లాడడు. పోటీలకు ముందు తల్లులందరిని కూసొబెట్టి చెప్పిండు. మొదటి దినం అందరిని ఉరికిచ్చి టైం రాసుకుంటరట. సమానం ఉన్నోళ్లను ఒక జట్టు చేస్తరట. రెండో దినం అసలు పోటీ. "మొదటి దినమే పూరా జోర్ పెట్టియ్యుండ్రి, ఏం దాచకుండ్రి. రెండో దినం గంతకన్న మరీ ఎక్కువ ఉరికితే పేరు కొట్టేస్తం" అన్నడు. గా ఆఖరు మాట నేను ఇనలే. అంటే... ఇన్న. ఇన్న గని అది తక్కిన తల్లులకు అనుకున్న.

నేను ఏం చేసిన? మొదటి దినం దానికి పచ్చ బనీను పిల్లను చూపెట్టిన. ఆ పిల్ల శానా నిదానం. "సునీతా, గామె ఎనకనే ఉండు, దాటకు" అన్న. దానికి మెల్లగ అంటే అర్థం గాదు, ఎనక అంటే అయితది. చెప్పినట్టే చేసింది. నిదానం జట్టుల పడ్డది. రెండో దినం, "ఇయ్యాల ఎవ్వరి ఎనక ఉండకు" అన్న.

ఉండలే బిడ్డా. సీటీ ఊదుడే ఆలస్యం, మిగిలినోళ్లు ఇంక సగం కాడ ఉండంగనే ఇది అటు చివరికి పోయి నిలబడ్డది. నిలబడి ఎనకకు చూసింది. దాని ఎనక మనుషులుండుడు అది ఎన్నడు చూడలే. రెండు చేతులు లేపింది. ఎవ్వరు నేర్పలే దానికి గట్ల లేపుడు.

కోచ్ కాయితం చూసుకుంట వచ్చిండు. "బేటీ, కల్ క్యా హువా థా?" అని అడిగిండు. నిన్న ఏమైందని. ఇది నవ్వుకుంట, "మమ్మీ నే బోలా, ఉస్కే పీఛే రహో" అని పచ్చ బనీను పిల్లను చూపెట్టింది. ఆమె ఎనకనే ఉండుమని మమ్మీ చెప్పిందట! అందరి ముంగట. అబద్ధం ఆడొద్దని నేర్పిందే నేను, చిన్నప్పుడు గరిటె తిరగేసి నేర్పిన.

పేరు కొట్టేసిండ్రు. పచ్చ బనీను పిల్లకు మెడల్. దీనికి గీ రిబ్బన్, వచ్చినందుకు. ఇది బస్సుల కండక్టర్‌కు చూపెట్టింది, పక్కసీటాయనకు చూపెట్టింది, ఇంటికొచ్చి గుప్తా ఆంటీకి గూడ చూపెట్టింది. నేను తల ఎత్తలే.

కోచ్ నన్ను ఒక్క మాట అనలే. అంటే నేనూ అనేదాన్ని, సరిపోయేది. అనకపాయె. గది నాకు కోపం. ఇగ పంపుడు బంద్ చేసిన.

మల్ల ఆదివారం ఐదింటికే లేచి, బూట్లు తొడుక్కొని, తలుపు కాడ కూసున్నది. లేసులు నేల మీద. నేను కట్టలే. దాని తరువాత ఆదివారమూ గంతే. నాలుగు వారాలు. ఏడ్వదు, అడగదు. పొద్దెక్కినంక ఇడిసి లోపల పెడుతది. ఐదో వారం నేను లేచి చూస్తే లేసులు కట్టి ఉన్నయి. రెండు బూట్లవి కలిపి, ఒక్కటే ముడి. లేస్తే పడుతది. ఇరవై ఒక్క ఏండ్లు నేనే కడితిని గదా, దానికెట్ల వస్తది. గా ముడి ఇప్పెతందుకు నాకు శానాసేపు పట్టింది.

తీస్కపోయిన. గని ఆ గ్రౌండ్ల కాలు పెట్టనని ఒట్టేసుకున్న. గేటు బయట, గోడ పక్కన, ఫుట్‌పాత్ మీద కూసునేది. కోచ్ ఎవరితోనో కుర్చీ పంపిండు. కూసోలే. ప్రతి వారం పంపుడు, ప్రతి వారం నేను కింద కూసునుడు. చలికాలమంత గంతే. ఒకనాడు సునీతనే గుంజుకుంట తెచ్చింది కుర్చీని. నా ముంగట పెట్టి, "బైఠో మమ్మీ" అని లోపలికి ఉరికింది. కూసున్న. ఆయన కుర్చీ అని కాదు, అది తెచ్చిందని.

ఇప్పటికీ గేటు బయటనే. సీటీ ఇనవడుతది, చప్పట్లు ఇనవడుతయి. గీ మెడల్స్‌ల ఒక్కటి గూడ అది గెలుస్తుంటె నేను కండ్ల చూడలే. చూసింది గా రిబ్బన్ పరుగొక్కటే. అందుకే నడుమ కొట్టిన.

ఏందట్ల చూస్తవు? చాయ్ చల్లారుతున్నది. నీకు రేపు పరీక్ష ఉన్నదంటివి గదా, మొదటిదో ఏందో. మంచిగ రాస్తవు. మొదటిదే గదా అనుకోకు, ఉన్న జోరంత పెట్టి రాయి. చల్లగుండు బిడ్డా... అగో, సునీత లేచింది. నిన్ను మెట్రో దాక సాగనంపెతందుకు బూట్లు తొడుగుతున్నది. నువ్వు కట్టకు, కూసో. దానికి జర సేపు పడుతది గని, ఇప్పుడు అదే కట్టుకుంటది...