బకెట్‌లో నానబెట్టిన బంతి

నా పేరు రుడాల్ఫ్ జాలర్, అందరూ రూడీ అంటారు. వయసు యాభై ఎనిమిది. క్లీవ్‌లాండ్, తూర్పు అరవై రెండో వీధిలో కాపురం. గోరెంక్ బౌలింగ్ హాల్లో బంతులకు వేళ్ల రంధ్రాలు తొలిచి అమ్మే దుకాణం నాది. ఆట కూడా నేర్పుతాను. 1974లో ఒహాయో రాష్ట్ర ఛాంపియన్‌ని. ఈరోజు 1981 ఫిబ్రవరి 13, శుక్రవారం, ఉదయం ఎనిమిదీ పది.

నిన్న ఇదే గదిలో సార్జెంట్ కీరన్ గారికి ఒక వాంగ్మూలం ఇచ్చాను. అది అబద్ధం. ఆయన కూర్చోమంటున్నారు. కూర్చోలేను, నిలబడే చెబుతాను.

బుధవారం మధ్యాహ్నం రెండూ నలభైకి నా దుకాణంలో మంటలు లేచాయి. దుకాణం మొత్తం పోయింది, పక్కనున్న రెండు లేన్లు మాడిపోయాయి. ఎవరికీ గాయాలు తగల్లేదు. బూడిదలో ఒక ఇనుప బకెట్, అందులో సగం కరిగిన బంతి దొరికాయి. బంతి మీద డోలరెస్ హ్రోవాట్ అని పేరు చెక్కి ఉంది. ఆమె నా శిష్యురాలు, ఇరవై ఆరేళ్లు. దుకాణం రెండో తాళంచెవి ఆమె దగ్గరే ఉంటుంది. బకెట్ ఎవరిదని నిన్న సార్జెంట్ గారు అడిగితే నాకు తెలియదన్నాను. సాయంత్రం ఆమెను పట్టుకెళ్లారు.

బకెట్ నాది. అందులో రంగుల్లో కలిపే థిన్నర్ పోసింది నేను. బంతి ముంచింది నేను.

థిన్నర్‌లో నానితే బంతి పైపొర మెత్తబడుతుంది. మెత్తటి బంతి నూనె రాసిన లేన్ చెక్క మీద కూడా జారిపోదు, చివర్లో మలుపు తిరిగి, నిలబెట్టిన పిన్నుల మధ్యలోకి దూరుతుంది. ఇది మా సంఘం ఎప్పుడో నిషేధించిన పని. పోటీకి ముందు బంతికి సూది మీటరు ఆనించి ఎంత గట్టిగా ఉందో చూస్తారు. డెబ్బై రెండు దాటితేనే ఆడనిస్తారు. 1974లో మీటరు పట్టుకున్న మనిషి నన్ను చూసి నవ్వి, "నీ బంతికి కొలతేంటి రూడీ, పోపో" అని పంపేశాడు. ఆ బంతి నాలుగు రోజులు నానింది. ఈ సంగతి ఇన్నేళ్లలో ఎవరికీ చెప్పలేదు, నా భార్య ఆంజెలాకి కూడా.

రేపు కొలంబస్‌లో రాష్ట్ర మహిళల పోటీ. జనవరి నుంచి డోలరెస్ బంతి తిరగడం లేదు. ఆమె స్కోర్లు 171, 168, 174. ఈ అంకెలు నాకు కలలో కూడా వస్తున్నాయి. శిష్యురాలు ఓడితే నేర్పినవాణ్ని నలుగురూ ఏమంటారోనని నా భయం. ఆమె గురించి కాదు, నా గురించే. సోమవారం ఆమె బంతి తెచ్చి, "బొటనవేలు రంధ్రంలో పట్టేస్తోంది, కాస్త గీకిపెట్టు బాబాయ్" అంది. వాళ్ల నాన్నా నేనూ ఒకే జట్టులో ఆడాం, అందుకని ఆ పిలుపు. గీకడం అయిదు నిమిషాల పని. అది కాగానే బకెట్‌లో వేశాను.

చలికి థిన్నర్ త్వరగా పట్టదు. బుధవారం ఒంటిగంటకు కరెంటు హీటరు తెచ్చి బకెట్ పక్కన పెట్టాను. 1974లోనూ అలాగే పెట్టాను, అప్పుడేమీ కాలేదు. రెండింటికి పెద్దవాళ్ల జట్టుకు నేర్పడానికి ఆరో లేన్‌కు వెళ్లాను.

రెండుంబావుకు డోలరెస్ తాళం తీసి దుకాణంలోకి వెళ్లింది. వెంటనే నా దగ్గరికి వచ్చింది. హాల్లో ఉన్నవాళ్లు పోలీసులకు చెప్పిన గొడవ ఇదే. అరిచింది నేను, ఆమె కాదు.

"బాబాయ్, నా బంతి బకెట్లో ఉందేంటి?"

కడుగుతున్నానన్నాను.

"ఆ వాసన నాకు తెలీదనుకున్నావా? ఓడిపోతే ఓడిపోతా. దాంతో మాత్రం ఆడను."

నీకంత పొగరేంటని కేకలేశాను. ఆమె బూట్లు మార్చుకుని వెళ్లిపోయింది. నేను వెళ్లి హీటరు తీసెయ్యాల్సింది. మళ్లీ స్కోరు రాస్తూ కూర్చున్నాను.

ఈ ఉదయం ఏడింటికి సార్జెంట్ గారు ఫోన్ చేశారు. ఎన్నిసార్లు అడిగినా ఆమె "బాబాయ్‌ని అడగండి, ఆయనే చెబుతాడు" అందట. బాబాయ్ తనకు తెలియదన్నాడని వాళ్లు చెప్పారట. ఆమె మంచినీళ్లు అడిగి తాగి, "ఆయన తెలీదన్నాడా? అయితే బకెట్ నాదే, రాసుకోండి" అందట.

ఫోన్ పెట్టేసి వంటింట్లో కాలుగాలిన పిల్లిలా తిరిగాను. ఆంజెలా పొతీత్సా, అదే మా అక్రోట్ల తీపి రొట్టె, ఒక ముక్క కోసి కాఫీ పక్కన పెట్టింది. ముట్టుకోలేదు. "నిన్న ఏం చెప్పొచ్చావు రూడీ?" అంది. కోటు వేసుకుని ఇక్కడికి వచ్చాను. సిగ్గుగా ఉంది. రాసుకోండి, సిగ్గుగా ఉందని.

డోలరెస్ రెండో బంతి నా కారు డిక్కీలో ఉంది. మీటరు కూడా అక్కడే ఉంటుంది. ఇక్కడికి వచ్చాక మూడుసార్లు కొలిచాను. డెబ్బై అయిదు, డెబ్బై అయిదు, డెబ్బై అయిదు. రేపు ఆట పదింటికి. ఆమెను ఈ సాయంత్రంలోగా వదిలితే అందుకుంటుంది. బంతి మీరే ఇవ్వండి, నా చేత్తో ఇస్తే తీసుకోదు.

ఎవరి ఒత్తిడీ లేకుండా ఇదంతా నా నోటితో చెప్పాను. సార్జెంట్ గారు చదివి వినిపించారు, నేను చెప్పినట్టే ఉంది. మొదటి పేరాలో 'ఛాంపియన్‌ని' అన్న వాక్యం మాత్రం నేనే పెన్ను తీసుకుని కొట్టేశాను, పక్కన పొడి అక్షరాలు వేశాను. మిగిలినదంతా నిజం.

సంతకం: రుడాల్ఫ్ జాలర్