ఆస్పత్రికి ముస్తాబు

హలో… ఆ, నేనే, వెర్లీన్ పిన్నిని. చెప్పు కెటూరా…

తినలేదమ్మా. చర్చివాళ్లు వేయించిన కోడి, మాకరోనీ తెచ్చి గిన్నెలు పేర్చిపోయారు. ముద్ద దిగడం లేదు…

ఏ గౌను?… నీలం గౌనా… రేపు మీ అమ్మని అందులోనే సాగనంపాలంటావు…

ఆ గౌను లేదు తల్లీ…

పారేయడం కాదు. ఆస్పత్రిలో కత్తెరతో కోసేశారు. మంగళవారం ఒంటి మీద అదే ఉంది…

చర్చికి వెళ్లడానికి కాదు. నేనే వేశాను… ఉండు, చెప్పనీ. మూడు రోజుల నుంచీ నీకు చెప్పాలనే చూస్తున్నాను.

పొద్దున్నే ఫోన్ చేసింది, 'గుండెలో పట్టేసినట్టుందే వెర్లీన్' అని. పరిగెత్తుకెళ్లాను. వెంటనే కారెక్కించాల్సింది… ఎక్కించలేదు. స్నానం చేయించాను. జుట్టు సరిచేసి, ముత్యాల దండ వేసి, లిప్‌స్టిక్ కూడా పెట్టాను. ముప్పావుగంట…

ఎందుకేంటే? మా అమ్మ నేర్పిందదే కదా. ఈ డెట్రాయిట్‌లో నైటీతో వెళ్లిన నల్ల ఆడదాని మాట ఎవరు వింటారు…

వెళ్లాం. నర్సు అడిగింది, నొప్పి పదికి ఎంత అని. అక్క నవ్వుతూ 'ఓ ఐదుంటుందేమోనమ్మా' అంది. గొంతు పెంచితే గయ్యాళి అనుకుంటారని అక్క భయం… 'చూడ్డానికి బాగానే ఉన్నారు, కూర్చోండి' అంది ఆ నర్సు. మూడు గంటలు కూర్చున్నాం. కుర్చీలోనే పక్కకి ఒరిగిపోయింది. అప్పుడొచ్చారు అందరూ, అప్పుడు కోశారు గౌను…

ఆ నర్సు తెల్లపిల్ల కాదే. మన నల్లపిల్లే. మర్యాదగానే మాట్లాడింది…

ఆ… ఆ, తెలుసు. నువ్విచ్చిన పుస్తకాలన్నీ గురువారాలు చర్చి కింద గదిలో కూర్చుని చదివాంగా. ఒకరి మనసు చెడ్డదై కాదు, మన నొప్పిని నమ్మొద్దనే ఆ ఆస్పత్రుల పద్ధతంతా కట్టారు, నర్సు కుర్చీలో ఎవర్ని కూర్చోబెట్టినా అదే రాస్తారు అని. మీ అమ్మైతే గీతలు గీసి మరీ చదివింది…

అన్నీ అర్థమయ్యాయి. అయినా ఆ లిప్‌స్టిక్ పెట్టింది నా చెయ్యేగా…



తిట్టు. తిట్టవే, పడతాను…

ఏంటి?… నీ కాలేజీ ప్రొఫెసర్ కార్డా? దాని సంగతి ఇప్పుడెందుకు…

నీ పాపకి జ్వరమొస్తే… ముందు అది మెళ్లో వేసుకుని… అప్పుడు ఆస్పత్రికి బయల్దేరతావా… ప్రతిసారీనా…

కనపడకపోతే ఇల్లంతా వెతికి మరీనా… పాప అలా కాలిపోతుంటే…

ఇదంతా క్లాసులో పాఠం చెప్పేదానివి. నువ్వు కూడానా తల్లీ…

ఏడవకు… సరే, ఏడువు. నేనూ అదే పనిలో ఉన్నాను…

ఒక్క మాట విను. ఇంకోసారి జ్వరమొస్తే కార్డూ వద్దు, ఏమీ వద్దు. ఉన్నదున్నట్టు ఎత్తుకుని పరిగెత్తు…

ఆ?…

కార్డు లేకుండా వెళ్తే… నీ మాట వింటారా అంటే…



నాకు తెలీదు, కెటూరా…

ఉంటాను.